పన్నెండో పలక

పొదిలి రోడ్డులో స్పీడుబ్రేకరు మీద
బస్సు ఎగిరి పడ్డప్పుడు
వెనక సీట్లో ఉన్నా. అంతే.
జారలేదు, కింద పడలేదు,
ఎవరూ నన్ను తాకను కూడా లేదు.
నడుం పైన సన్నగా చిట్లిన చప్పుడు.
ముప్పయ్యేళ్ళు చెవిన పడ్డ చప్పుడే,
ఈసారి నాలోంచి వచ్చింది.

ఒంగోల్లో డాక్టరమ్మ ఎక్స్‌రేని లైటు మీద పెట్టింది.
పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వెన్ను.
పన్నెండోది ముందువైపు నలిగి
తలుపు కింద దోపే చెక్కముక్కలాగా ఉండాది.
"ఎముక గుల్లబారిందమ్మా" అంది.
మార్కాపురం ఫ్యాక్టరీలో ఇట్టాంటిది చేతికొస్తే
రెండోసారి చూడకుండా
డామేజీ కుప్పలోకి ఇసిరేసేదాన్ని.

గనిలో రాయికి పొర ఉంటది.
పొర పట్టుకుని ఉలి పెడితే
అరటాకులా విచ్చుకుంటది.
వెన్నుకు పొర లేదు.
ఉన్నచోటనే కుంగింది,
నన్ను రెండంగుళాలు పొట్టి చేసి.

పక్కమంచం కాశింబీ, మా వెనకవీధామె.
తుమ్మితే విరిగిందంట.
"నవ్వించబాకు, నవ్వితే ఇంకోటి పోద్ది" అంటది.
నవ్వకుండా ఎట్టా?

ఆమెకు పూటకో బిళ్ళ రాశారు.
నాకు ముక్కులో కొట్టే మందు.
ఇంటికొచ్చినాక మూత తియ్యని సీసాను
ఆదెన్న కొట్లో ఫ్రిజ్‌లో దాచాం,
మజ్జిగ ప్యాకెట్ల పక్కన.

ఇంట్లో పాత పలక ఉంటే నిలువునా గీత గీశా.
అటు ఆమె, ఇటు నేను.
రోజూ పొద్దుగూకాక
పదికి ఎంత నొప్పో ఒక అంకె.
ఆమె అంకెను మనవడు మోసుకొస్తాడు.

మొదటిరోజు ఇద్దరికీ తొమ్మిదే.
నాలుగో రోజు ఆమెకు అయిదు, నాకు ఎనిమిది.
ఓడిపోయాననుకున్నా.
ఆ రాత్రే కబురొచ్చింది:
బిళ్ళ మింగితే గోడలు నడుస్తా ఉండాయంట,
తిన్నది నిలవటల్లేదంట,
నాలుగు దినాల నుంచి కడుపు కదల్లేదంట,
ముక్కితే మళ్ళీ వెన్నులో పిడుగంట.
వీటికి పలక మీద గడి లేదు.
నాకు ముక్కు కారటం, ఒకసారి నెత్తురు చుక్క.
పదో రోజు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా
ఒత్తిగిలి పడుకున్నా.

ఆరెంపీ బలరామయ్య సూది వేస్తానన్నాడు,
క్షణంలో లేచి తిరుగుతావన్నాడు.
కిడ్నీలు జాగర్తని డాక్టరమ్మ ముందే చెప్పింది.
ఏడాదికోసారి ఎక్కించే సీసా గురించీ చెప్పింది:
"అది ఈ నొప్పికి కాదు,
ఇంకా విరగని పలకలకు."

ఆరో వారం ఇద్దరికీ మూడు.
పలక సంచిలో పెట్టుకుని ఒంగోలు పోయా.
"ఏ మందు గెలిచిందమ్మా?"

ఆమె పలకను రెండు చేతులతో పట్టుకుని చదివింది.
"ఇద్దరితో తేలదు పిచ్చమ్మా.
వందలమందికి చీటీలేసి పంచాల.
ఎవరికేది పడిందో ఇచ్చేవాళ్ళకూ తెలియకూడదు.
ఆరు వారాలు పోతే
మందు లేకపోయినా చాలావరకు తగ్గేదే.
అందుకే, ఏ మందూ పడని గడి ఒకటుండాల."

ఇంటికొచ్చి మూడో గీత గీశా.
ఎవర్ని రాయాల?

అప్పుడు గుర్తొచ్చింది అంకాలు.
చెక్క ఫ్రేములు బిగించేది, నా పక్క పీట.
ఒక వేసవి మొదలు వంగుతా వంగుతా
కొడవలి అయింది.
పసుపు పట్టు, గుడ్డ బిగింపు, మళ్ళీ పని.
గూని అంకాలు అనేవాళ్ళం.
పిలిస్తే పలికేది కూడా.

మూడో గడిలో పేరు రాశా.
అంకె దగ్గర బలపం ఆగింది.
పదహారేళ్ళు పక్కన కూర్చున్నా,
ఎంత నొప్పని
ఒక్కనాడూ అడగలేదు.

కాశింబీ మనవడొచ్చాడు.
"నానమ్మకు ఈరోజు రెండంట.
ఈ గడి ఖాళీగా ఉందేంది?"

రెండు వేశా.
ఖాళీని ఖాళీగానే ఉంచా.